ఇంట్లో మాంసం కోసే మిషను: కొనే ముందు ఆలోచన, కోసే ముందు జాగ్రత్త

బక్రీద్ మూడు రోజులూ మన ఇళ్లల్లో ఎక్కువ శ్రమ పడేది ఎవరు? ఖుర్బానీ బాధ్యత మగవాళ్లది. మొద్దు మీద ముక్కలు కొట్టే పని కసాయి సోదరునిది. ఆ తరువాత తాంబాళాల నిండా ఇంట్లోకి వచ్చిన మాంసాన్ని మళ్లీ చిన్న ముక్కలు చేయడం, కొవ్వు తీయడం, బంధువులకూ పేదలకూ భాగాలు కట్టడం, మిగిలినదాన్ని సన్నగా కోసి ఎండబెట్టడం, ఫ్రిజ్‌లో సర్దడం... ఇదంతా అమ్మలు, అక్కలు, కోడళ్ల చేతుల మీదుగా జరగవలసిందే. మూడో రోజుకు వాళ్ల వేళ్ల మీద కత్తి గాట్లు లెక్కపెట్టవచ్చు.

ఈ శ్రమ కొంత తగ్గించాలన్న మంచి ఉద్దేశంతోనే ఈమధ్య కొందరు మాంసాన్ని పలుచని పొరలుగా కోసే మిషను కొంటున్నారు. అంగట్లో దీన్ని స్లైసర్ అంటారు. గల్ఫ్ దేశాల నుంచి, అమెరికా నుంచి సెలవుకు వచ్చే సోదరులు సూట్‌కేసులో పెట్టుకుని తెస్తున్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఈ మిషను ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో, ఎంత ప్రమాదమో తెలియకుండా ఇంట్లోకి తెస్తే శ్రమ తగ్గకపోగా చేతికే ముప్పు వస్తుంది. అందుకే ఈ వారం ఆ సంగతులు వివరంగా తెలుసుకుందాం.

ఈ మిషను పుట్టుక

హాలెండ్ దేశంలోని రాటర్‌డామ్ నగరంలో వాన్ బెర్కెల్ అనే ఒక కసాయి 1898లో ఈ మిషనుకు రూపం ఇచ్చాడు. చేతితో కత్తి ముందుకూ వెనక్కూ లాగినట్లే, ఒక బల్ల మాంసాన్ని మోసుకుని ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పక్కన గుండ్రని బ్లేడు తిరుగుతూ ఉంటుంది. మాంసం బ్లేడును దాటిన ప్రతిసారీ ఒక పొర తెగి అవతల పడుతుంది. పొర ఎంత మందం ఉండాలో ఒక మర తిప్పి నిర్ణయించుకోవచ్చు. నూరేళ్లు దాటినా పద్ధతి ఇదే. అప్పట్లో చేతితో చక్రం తిప్పేవారు, ఇప్పుడు కరెంటు తిప్పుతోంది.

అక్కడివాళ్లకు ఇది ఎందుకు అవసరమైంది? ఉడికించి చల్లార్చిన మాంసాన్ని కాగితం లాంటి పొరలుగా కోసి రొట్టె మధ్య పెట్టుకుని తినడం వాళ్ల అలవాటు. అంటే ఈ మిషను వాళ్ల వంటకు పుట్టింది, మన వంటకు కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం డబ్బు మిగిలినట్టే.

ఇంకొక మాట. స్లైసర్ వేరు, ఖీమా మిషను వేరు. ఖీమా మిషను మాంసాన్ని నలిపి, చిల్లుల గుండా నెట్టి మెత్తగా చేస్తుంది. స్లైసర్ పొరలు మాత్రమే తీస్తుంది. షికంపూర్, లుఖ్మీ, కబాబు చేసుకోవాలనుకుని స్లైసర్ కొంటే నిరాశే మిగులుతుంది.

మన వంటింటికి ఎంత అవసరం?

దుబాయి నుంచి ఈ మిషను తెచ్చిన ఒక కొడుకును వాళ్ల అమ్మ అడిగిందట: "బేటా, తెచ్చావు సరే, ఇది ఎముక కోస్తుందా?" కొడుకు లేదన్నాడు. "మరి మన ఇంట్లో ఎముక లేని కూర ఎప్పుడు వండాంరా?" అన్నదట ఆమె. ఆ తల్లి ప్రశ్నలో న్యాయం ఉంది.

మన వంటలు ఒక్కసారి తలచుకోండి. బిర్యానీకి ఎముక ముక్క కావాలి. మరగ్‌కు, దాల్చాకు, పాయాకు, నిహారీకి ఎముకలోనే రుచి. చాక్నాకు పొట్టా పేగులు కావాలి. వీటిలో ఏ ఒక్కటీ స్లైసర్ పని కాదు. ఎముక తగిలితే బ్లేడు అంచు విరుగుతుంది, లేదా మాంసం ఎగిరి చెయ్యి బ్లేడు మీదికి జారుతుంది. ఇంటి స్లైసర్‌లో ఎముక ఉన్న మాంసం ఎప్పుడూ పెట్టరాదు.

అయితే పనికి వచ్చే వంటలు లేకపోలేదు. హైదరాబాదువారి పత్థర్ కా గోష్త్‌కు ఎముక లేని మాంసం సమానమైన పలుచని ముక్కలుగా కావాలి. పసందేకూ అంతే. బక్రీద్ మాంసం ఎండబెట్టుకునే ఇళ్లల్లో, అంటే ఉప్పూ పసుపూ పట్టించి తీగ మీద వేలాడదీసే సూఖా గోష్త్‌కు, ఒకే మందం ఉన్న పొడుగాటి పేలికలు చాలా అవసరం. ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా ఉంటే సన్నటి చోట ఎండుతుంది, లావు చోట లోపల కుళ్లుతుంది. చేతితో అంత సమానంగా కోయడం అందరికీ రాదు. విదేశాల్లో పిల్లల టిఫిన్ డబ్బాలోకి హలాల్ రోస్టు పొరలు సొంతంగా కోసుకునే మన కుటుంబాలకు కూడా ఇది నిజంగా ఉపకరిస్తుంది. బయట దొరికే కోసిన మాంసం హలాలా కాదా అన్న సందేహం, అది ఏ బ్లేడు మీద తెగిందో అన్న సందేహం రెండూ ఉండవు.

కాబట్టి కొనేముందు ఇంట్లో వండేవారితో కూర్చుని నెలకు ఎన్నిసార్లు ఎముక లేని మాంసం పలుచగా కావాలో లెక్క వేయండి. నెలకు నాలుగైదుసార్లు కావలసి ఉంటే, లేదా పదిమందికి వండే ఇల్లయితే కొనడంలో అర్థం ఉంది. సంవత్సరానికి ఒక్క బక్రీద్ కోసమే అయితే మీకు తెలిసిన కసాయి సోదరుణ్ణే అడగండి. రాన్ మాంసం ఇచ్చి పసందే కోయమంటే ఆయన చెయ్యి మిషనుకు తీసిపోదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నారు పెద్దలు. వండే ఇల్లాలికి అక్కర లేని వస్తువు మీద తెచ్చే ఆయనకు ఆరాటం ఎందుకు? అలమారాలో మూలపడే వస్తువు మీద వేల రూపాయలు పోయడం ఇస్రాఫ్, అంటే దుబారా. పెళ్లి సామాను జాబితాలో గొప్ప కోసం చేర్చడం అంతకన్నా తప్పు.

కొనేటప్పుడు చూడవలసినవి

అవసరమేనని తేల్చుకున్నాక ఈ విషయాలు ఒక్కొక్కటిగా పరిశీలించండి.

బ్లేడు: ఇంటి రకాల్లో సాధారణంగా 17 నుంచి 19 సెంటీమీటర్ల బ్లేడు ఉంటుంది. దుకాణాల్లో వాడేవి 25, 30 సెంటీమీటర్లవి. ఇంటికి చిన్నదే చాలు. బ్లేడు తుప్పు పట్టని స్టీలుది అయి ఉండాలి. అంచు రెండు రకాలు: నున్నటిది, రంపపు పళ్లది. పళ్ల బ్లేడు రొట్టెకు మంచిది, మాంసానికి నున్నటి బ్లేడు మంచిది. పళ్ల సందుల్లో మాంసం ఇరుక్కుంటుంది, శుభ్రం చేయడం కష్టం.

చేతి రక్షణ: మాంసాన్ని వెనుక నుంచి నెట్టే ఒక ప్లాస్టిక్ లేదా లోహపు పట్టు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. అది లేని మిషను ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. బొటనవేలికి అడ్డుగా రేకు ఉందో లేదో చూడండి. స్విచ్చి పిల్లలు తాకగానే తిరిగేది కాకుండా, రెండు మీటలు నొక్కితేగాని తిరగని రకమైతే మంచిది.

విప్పే వీలు: దుకాణంలోనే అడిగి బ్లేడు విప్పించి, మళ్లీ బిగించమనండి. అమ్మే మనిషికే రాకపోతే మీ ఇంట్లో ఎవరు విప్పుతారు? విప్పలేని మిషను కడగలేని మిషనే.

మోటారు: ఇంటి రకాలు చాలావరకు 100 నుంచి 200 వాట్ల మధ్య ఉంటాయి. ఆగకుండా ఐదు పది నిమిషాలకు మించి నడపరాదని వాటితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. మోటారు శక్తి బెల్టు ద్వారా బ్లేడుకు చేరే రకంలో గట్టి మాంసం తగిలితే బెల్టు జారుతుంది. పళ్ల చక్రాల రకం అంతకన్నా గట్టిగా లాగుతుంది. కింద రబ్బరు కాళ్లు బండకు పట్టుకుని ఉండాలి. మిషను జరిగితే చెయ్యి జరిగినట్టే.

కరెంటు: అమెరికాలో సరఫరా 120 వోల్టులు, మనకు 230. అక్కడి మిషనును ఇక్కడి ప్లగ్గులో పెడితే మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. సౌదీ అరేబియాలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. పాత ఇళ్లలో అక్కడ 127 వోల్టుల సరఫరా కూడా ఉండేది. కాబట్టి విదేశం నుంచి తెచ్చేవారు మిషను అడుగున అంటించిన రేకు మీద 220–240 వోల్టులు, 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చదివి కొనాలి. శరీరం లోహంతో చేసినదైతే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. తడి చేతులతో చేసే పని కదా.

పాత మిషను కొంటే

హోటళ్లు, దుకాణాలు మూసేసినప్పుడు వాడిన మిషన్లు చవకగా అమ్మకానికి వస్తాయి. విదేశాల్లో ఇది మరీ ఎక్కువ. అలాంటి మిషను మీద అంతకు ముందు పంది మాంసం తెగి ఉండవచ్చు. అప్పుడు దాని తహారత్ ప్రశ్న వస్తుంది. లోహం నజాసత్‌ను పీల్చుకోదు కనుక, దాని జాడ పూర్తిగా పోయేలా కడిగితే పాక్ అవుతుందని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. షాఫయీ మస్లక్‌లో ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టి కలిపిన నీటితో కడగాలి. బ్లేడు సంగతి ఇలా తేలిపోతుంది. అసలు చిక్కు బ్లేడు వెనుక సందుల్లో, రబ్బరు ముక్కల్లో, మరల దగ్గర ఉంటుంది. అక్కడ పేరుకున్న పాత కొవ్వును విప్పి తీయకుండా పైపైన నీళ్లు పోసి తృప్తి పడరాదు. విప్పడానికి వీలు కాని మిషనైతే వదిలేయడమే మేలు. సందేహం ఉంటే మీ ఊరి ఆలిమ్‌ను అడగండి.

మాంసాన్ని సిద్ధం చేయడం

చాలామంది మిషను బాగాలేదని తిడతారు. నిజానికి మాంసం సిద్ధంగా ఉండదు. అప్పుడే జబహ్ చేసిన మాంసం వెచ్చగా, మెత్తగా జారుతూ ఉంటుంది. దాన్ని స్లైసర్‌లో పెడితే తెగదు, చీలిపోయి బ్లేడుకు చుట్టుకుంటుంది. కొన్ని గంటల తరువాత కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువు సడలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి బక్రీద్ మాంసాన్ని ఆ రోజే మిషనులో పెట్టే తొందర వద్దు. మొదట ఎముక తీసి, పైపొరా నరాలూ తీసి, లోతు లేని గిన్నెల్లో పరిచి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

మరునాడు పిడికిలి కన్నా కొంచెం పెద్ద ముద్దలుగా చేసి, గంట నుంచి రెండు గంటలు మంచుగడ్డ కట్టే అరలో పెట్టండి. వేలితో నొక్కితే పైన గట్టిగా, లోపల కొంచెం మెత్తగా తగలాలి. అదే సరైన సమయం. అప్పుడు పొరలు కాగితాల్లా వస్తాయి. రాయిలా గడ్డకట్టిన మాంసం మాత్రం పెట్టవద్దు. బ్లేడు పాడవుతుంది, మోటారు వేడెక్కుతుంది.

నార ఏ వైపు పోతుందో చూసుకోండి. వెంటనే వండుకునే మాంసాన్ని నారకు అడ్డంగా కోస్తే నమలడానికి మెత్తగా ఉంటుంది. ఎండబెట్టే మాంసాన్ని నార వెంబడి పొడుగ్గా కోస్తే తీగ మీద తెగి పడదు. పత్థర్ కా గోష్త్‌కు ఐదారు మిల్లీమీటర్ల మందం చాలు. అంత పలుచని ముక్కలకు పచ్చి బొప్పాయి కూడా తక్కువగా, కొద్దిసేపే పట్టించాలి. లేకపోతే పిండిలా అయిపోతుంది.

కోసేటప్పుడు

అమెరికా చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారిని కరెంటు స్లైసర్ నడిపే పనిలో పెట్టకూడదు. కడిగే పనిలో సైతం పెట్టకూడదు. ఆగి ఉన్న బ్లేడు కూడా వేలిని కోస్తుందని వాళ్లకు అనుభవం నేర్పింది. మన ఇళ్లల్లో దీన్నే నియమంగా పెట్టుకుందాం: పిల్లలు ఈ మిషను దగ్గరికి రాకూడదు. పండగ పూట చుట్టాల పిల్లలతో ఇల్లు నిండుగా ఉన్నప్పుడు మరీను.

దుపట్టా కొంగు నడుముకు బిగించండి. బురఖా చేతులు, వదులు చొక్కా చేతులు మోచేతి దాకా మడవండి. గాజులు, ఉంగరాలు తీసేయండి. మిషనును గోడకు దగ్గరగా, పొడి బండ మీద పెట్టండి. ఒకరు కోస్తుంటే మరొకరు పక్క నుంచి ముక్కలు తీయడం మంచిది కాదు, రెండు చేతులూ ఒకే మనిషివి కావాలి. మాంసం అరచేతి కన్నా చిన్నదైపోయినప్పుడే వేళ్లు తెగుతాయి. చివరి ముక్కను నెట్టే పట్టుతోనే నెట్టండి. అదీ కుదరకపోతే ఆ ముక్కను ఖీమాకు వదిలేయండి. ఒక ముక్క కోసం ఒక వేలు పోగొట్టుకోవద్దు. ఎవరైనా పిలిచినా, అజాన్ వినిపించినా ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, ఆ తరువాతే లేవండి.

కడగడమే అసలు పని

2008లో కెనడాలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి వల్ల 20 మందికి పైగా చనిపోయారు. ఒక పెద్ద కర్మాగారంలో తయారైన కోసిన మాంసం తిన్నందుకే ఇది జరిగింది. ఆ కర్మాగారంలో శుభ్రత లేక కాదు, రోజూ కడుగుతూనే ఉన్నారు. కాని మాంసం కోసే మిషన్ల లోతైన భాగాల్లో, బ్రష్షు అందని చోట ఆ జీవి ఇల్లు కట్టుకుందని విచారణలో తేలింది. ఇది ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. గర్భిణులకు, ముసలివారికి, పసిపిల్లలకు దీనివల్ల ప్రమాదం ఎక్కువ.

మన కూరల్లో మాంసం కోసిన తరువాత బాగా ఉడుకుతుంది కనుక చాలావరకు భయం లేదు. ప్రమాదం ఎక్కడంటే, పచ్చి మాంసం కోసిన బ్లేడు మీదే ఉడికిన రోస్టు, రొట్టె, కీరా కోసినప్పుడు. అవి మళ్లీ పొయ్యి ఎక్కవు కదా. అందువల్ల పచ్చి మాంసం తరువాత మిషనును పూర్తిగా కడిగి ఆరబెట్టనిదే ఇంకేదీ కోయరాదు.

కడిగే పద్ధతి ఇది. మొదట ప్లగ్గు తీయాలి. స్విచ్చి ఆపడం చాలదు. మందం మరను సున్నాకు తిప్పితే బ్లేడు అంచు పలక వెనక్కు పోతుంది. బల్ల, పట్టు విడదీయాలి. కత్తి దిగని రకం చేతొడుగులు దొరుకుతాయి, అవి వేసుకుని బ్లేడు విప్పాలి. బ్లేడును నడిమి నుంచి అంచు వైపుకే తుడవాలి. అంచు వెంబడి వేలు నడపరాదు. వేడి సబ్బు నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో జాలాడించి, శుభ్రమైన గుడ్డతో తుడిచి గాలికి ఆరనివ్వాలి. సబ్బు నీళ్లున్న గిన్నెలో బ్లేడును వదిలి వెళ్లకండి. నురగ కింద అది కనిపించదు, తరువాత వచ్చినవారు చెయ్యి పెడతారు. మోటారు ఉన్న భాగాన్ని కొళాయి కింద పెట్టవద్దు, తడి గుడ్డతో తుడిస్తే చాలు. బల్ల జరిగే కడ్డీకి వంట నూనె రాస్తే కొన్నాళ్లకు జిగురు పడుతుంది. కుట్టు మిషను నూనె తినే వస్తువు దగ్గర తగదు. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్ రెండు చుక్కలు చాలు.

కోసిన మాంసం బయట ఎంతసేపు ఉండవచ్చు? మామూలు వాతావరణంలో రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన వేసవిలో అంటే ఒక గంటే అనుకోండి. కాబట్టి మాంసమంతా ఒకేసారి బయట పెట్టకుండా ఒక్కొక్క ముద్ద తీసి కోసి, వెంటనే చల్లటి చోటికి పంపాలి.

వేలు తెగితే

గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం వేయవద్దు. వైద్యుడు వాటిని కడిగి తీయడానికే కష్టపడాలి. వేలి కొన తెగి పడితే దాన్ని తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచు నీళ్లలో పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నేరుగా మంచు గడ్డ మీద పెడితే అది పాడైపోతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ధనుర్వాతం ఇంజెక్షను సంగతి వైద్యుణ్ణి అడగడం మరువవద్దు.

మిషను లేని ఇంటికి

ఇంతా చదివాక మాకు మిషను వద్దు అనుకున్నవారు చిన్నబోనక్కర లేదు. పైన చెప్పినట్టు మాంసాన్ని సగం గట్టిపడేలా చల్లబరిచి, నార చూసుకుని, పొడవాటి సన్నటి ఛురీతో కోస్తే దాదాపు అంతే పలుచని ముక్కలు వస్తాయి. షరతు ఒక్కటే, ఛురీకి పదును ఉండాలి. జబహ్ చేసేవాడు తన కత్తిని పదును చేసుకోవాలనీ, పశువును బాధ పెట్టకూడదనీ దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. ఆ హదీసులోనే ప్రతి పనినీ చక్కగా చేయాలన్న బోధ కూడా ఉంది. ఆ బోధ ఖుర్బానీ మైదానంతో ఆగిపోదు, వంటింటి గడప కూడా దాటి లోపలికి రావాలి. మొద్దు కత్తికి బలం ఎక్కువ కావాలి, బలం ఎక్కువైతే కత్తి జారుతుంది, జారితే తెగేది మన ఇల్లాలి చెయ్యే.

వచ్చే బక్రీద్‌కు మీరు మిషను కొన్నా కొనకపోయినా, పండగకు నాలుగు రోజుల ముందే ఇంట్లోని కత్తులన్నీ సాన పట్టించండి. కసాయి కత్తితో పాటు వంటింటి కత్తి కూడా ఆ సంచిలో ఉండాలి. పండగ నాడు మగవాళ్లు కూడా చేతులు కడుక్కుని, ఆ కత్తి పట్టుకుని ఆడవాళ్ల పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. అంతకన్నా శ్రమ తగ్గించే మిషను ఏ అంగట్లోనూ దొరకదు.